లైన్ బంద్ ఉందా సార్?

సుమనకు కొలువు దొరికిందని తెలిసిన రోజు నిజామాబాద్‌లో వాళ్ల గల్లీ అంతా నవ్వుకుంది. ఎమ్మెస్సీ జువాలజీ చదివి, ఇన్నాళ్లూ ప్రైవేటు బడిలో పిల్లలకు సైన్సు చెప్పి, ఆఖరికి చెరుకు తోటల్లో పిల్లులను వెతికే పనిలో చేరిందట! "పిల్లుల ఎంబడి తిరిగితే జీతమిస్తరా బిడ్డా?" అని పక్కింటామె అడిగితే సుమనకూ నవ్వాగలేదు.

అయితే అవి ఇంటి పిల్లులు కావు. పొడుగు కాళ్లు, పొట్టి తోక, చెవుల కొసన నల్లటి వెంట్రుకలున్న అడవి పిల్లులు. చుట్టూ అడవి లేకుండా పోయాక చెరుకు తోటలనే అడవి అనుకుని బతుకుతున్నాయి. బోధన్ చుట్టుపక్కల చెరుకు ఏడాదికేడాది తగ్గి వరి పెరుగుతుంటే, ఈ పిల్లులు ఎటు పోతున్నాయి, ఎట్లా చస్తున్నాయి, వాటిని ఎట్లా కాపాడాలి అన్నదే ఆ పరిశోధన. హైదరాబాద్‌లో కూర్చునే భానుప్రసాద్ సార్ దానికి పెద్ద. తోటల్లో తిరిగే పని సుమనది.

కోటగిరిలో ఒక గది తీసుకుంది. తెల్లవారకముందే మబ్బుల్లో లేచి కాలువ కట్ట మీదుగా నడిచేది. కొన్ని పిల్లుల మెడకు అంతకుముందే చిన్న రేడియో పట్టీలు కట్టారు. చేతిలో ఏంటెన్నా పట్టుకుని తిప్పితే, దానికి తగిలించిన రిసీవర్ డబ్బాలోంచి ఆ పిల్లి సిగ్నల్ వినిపించేది. పిల్లి కదులుతుంటే నెమ్మదిగా... టక్... టక్... అని. చాలాసేపు కదలక పడి ఉంటే టకటకా పరుగెత్తినట్టు. ఆ పరుగు వినిపించిందంటే పిల్లి చచ్చిందని లెక్క.

మొదటి రోజు నుంచీ ఒక సిగ్నల్ అట్లా టకటకమంటూనే ఉంది. సిద్దిరాములు అనే రైతు చెరుకు తోటలోంచి వస్తున్నది. వెళ్లి ఆ పట్టీ తీసుకొస్తానని సుమన ఫోన్లో అడిగితే, భానుప్రసాద్ సార్ గొంతు మారింది.

"ఆ నంబరు జోలికి పోకు. పాతది. వదిలేయ్."

ఆమె వదిలేసింది. కొత్త కొలువు. ఎందుకు ఏమిటి అని అడిగే ధైర్యం ఇంకా రాలేదు.

తనకంటే ముందు ఈ పని చేసిన పిల్ల పాము కరిచి చచ్చిపోయిందని మాత్రం చేరేటప్పుడే చెప్పారు. పేరు చెప్పలేదు. ఆ పేరు చెప్పింది బాలవ్వ.

ఒక మధ్యాహ్నం కాలువ గట్టున సద్ది విప్పుకుంటుంటే, చెరుకులో ఆకు దూసే కూలీల్లోంచి ఒక ముసలామె వచ్చి పక్కన నిలబడింది. ఏంటెన్నా వంకే చూస్తున్నది. కాసేపటికి వంగి, దాని మీద చెయ్యి వేసి నిమిరింది.

"నా బిడ్డ గూడ గిదే పట్టుకొని తిరిగేది. హెప్సిబా. ఇన్నవా?"

సుమన తల అడ్డంగా ఊపి, కూర్చోమంది. బాలవ్వ కూర్చోలేదు. మొగుడు ఎప్పుడో పోయాడట. ఒక్కతే కూతురు. చర్చి వాళ్ల సాయంతో చదివించుకుందట.

"అవ్వా, పాము కరిచిందట గదా..."

"పాము కరిస్తె రెండు కాళ్లకు నల్లగ గీత పడ్తదా బిడ్డా?" బాలవ్వ తన పిక్కల మీద వేలితో గీత గీసి చూపించింది. "గిక్కడ. రెండిటికీ ఒక్కతీరుగ. మాడి లోపలికి పోయింది. స్నానం చేపిచ్చినదాన్ని నేను."

జరిగింది బాలవ్వే చెప్పింది. అడవి పందులు రాకుండా సిద్దిరాములు తోట చుట్టూ కరెంటు తీగ కడతాడు. ఒక పిల్లి ఆ తీగ తగిలి చచ్చింది. దాని పట్టీ ఖరీదైనది, తీసుకురమ్మని సార్ హెప్సిబాకు ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం ఆమె ఇంట్లోనే ఉంది. బూట్లు కట్టుకుంటూ ఫోన్ నేల మీద పెట్టి, స్పీకర్‌లో మాట్లాడింది. బాలవ్వ పొయ్యి ముందు కూర్చుని అంతా విన్నది.

"లైన్ బంద్ ఉందా సార్ అని అడిగింది. ఒకపారి గాదు, రెండుపార్లు అడిగింది. రైతుతోని మాట్లాడిన, బంద్ ఉంది, భయపడకుండ పో అన్నడు. గా రైతుకు ఫోనే చెయ్యలే. సిద్దిరాములు తర్వాత తాగి, ఏడ్సుకుంట నాతోని చెప్పిండు. సంగతి తెలిసి సారు రాత్రికి రాత్రే ఉరికొచ్చిండట. ఇద్దరు గల్సి నా బిడ్డను కాలువ కట్ట మీదికి మోసిండ్రట. పిల్లిని మెడల పట్టీతోనే ఆడనే పూడ్సిపెట్టిండ్రట."

"కేసు పెట్టలేదా అవ్వా?"

"పెడ్దమంటె ఎవలిన్నరు? పాము అని రాసుకపోయిండ్రు." బాలవ్వ కొడవలి అందుకుని లేచింది. ఆమె కళ్లలో తడి లేదు. "ప్రభువు మాఫ్ చెయ్యమన్నడు. నేను జేస్త. హెప్సి చెయ్యది. అది చిన్నప్పట్సందే మొండిది."

ఆ రాత్రి సుమన కొలువు మానేద్దామనుకుంది. ఇంట్లో ఏం చెప్పాలో తోచక, మరునాడు మళ్లీ ఏంటెన్నా భుజాన వేసుకుంది.

చెరుకు కోతలు మొదలయ్యాయి. చలి బాగా పెరిగింది. ఒకనాడు కట్ట మీద నిలబడి సిగ్నళ్లు వింటుంటే, సిద్దిరాములు తోట వైపు నుంచి వచ్చే ఆ పాత సిగ్నల్ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

టక్...

టక్...

నెమ్మదిగా. ఏంటెన్నాను కొంచెం కొంచెంగా తిప్పి చూసింది. సిగ్నల్ ఒకచోట లేదు. తోట లోపల ఈ కొస నుంచి ఆ కొసకు... తీరుబడిగా... ఎవరో పచార్లు చేస్తున్నట్టు...

సార్‌కు ఫోన్ చేసి చెప్పింది.

"ఎవరితోనన్నా చెప్పినవా?"

"లేదు సార్."

"చెప్పకు. నేను వస్తున్న."

ఆయన వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కారు కట్ట మీద ఆపి, సుమనను ముందు నడవమని, వెనక వచ్చాడు. తోట అంచున బండ్లబాటలో ఇద్దరూ ఆగారు. మంచు అప్పుడే కాలువ మీద నుంచి పొలాల్లోకి పాకుతున్నది. దూరంగా ఎక్కడో బెల్లం వండుతున్న తియ్యటి వాసన. చెరుకు మనిషికి రెండింతల ఎత్తుంది. బయట ఇంకా వెలుతురు ఉన్నా, మొదటి వరస దాటితే లోపలంతా చీకటే.

భానుప్రసాద్ డబ్బాను సుమన దగ్గర నుంచి లాక్కున్నాడు. టక్... టక్... అని వింటూ, తనలో తానే అన్నాడు.

"ఎవడో తవ్విండు. ఎవడో తవ్వి తీసిండు..."

"ఏంది సార్ తవ్వింది?"

ఆయన ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. "ఏం లేదు. దగ్గర్లనే ఉన్నది. లోపలికి పోయి చూసి రా."

తోట మూలన బోరు మోటారు ఉంది, తీగకు కరెంటు అక్కడి నుంచే. దాని స్టార్టర్ డబ్బా మీద చిన్న ఎర్ర బల్బు మంచులో మినుకు మినుకుమంటున్నది. పొద్దుగూకంగానే సిద్దిరాములు తీగకు కరెంటు పెట్టి ఇంటికి వెళ్లిపోతాడని సుమనకు తెలుసు. ఆయన ముఖంలోకి సూటిగా చూసి అడిగింది.

"లైన్ బంద్ ఉందా సార్?"

"రైతుతోని మాట్లాడిన. బంద్ ఉంది. భయపడకుండ పో."

బాలవ్వ చెప్పిన మాటలే. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. సుమన అడుగు వెయ్యలేదు.

"సార్, గా ఎర్ర లైటు..."

"అది మోటారుది. చెప్తే అర్థం కాదా? పో!"

అప్పుడు...

"లైన్ బంద్ ఉందా సార్?"

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు!" అని కసిరాడు భానుప్రసాద్. కసిరి, సుమన వైపు చూశాడు. సుమన పెదాలు బిగుసుకుని ఉన్నాయి. ఆమె చూపు చెరుకు మీద ఉంది.

గొంతు లోపలి నుంచి వచ్చింది. ఆడగొంతు. సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్లో మాట్లాడినట్టు, గరగరమంటూ.

చెరుకాకు గలగలమన్నది. గాలి లేదు. తోట అంతా కదల్లేదు. ఒక్క వరసే... లోపలి నుంచి వీళ్ల వైపు... ఒక్కొక్క గడా పక్కకు ఒరుగుతూ... మళ్లీ నిటారుగా నిలబడుతూ...

టక్... టక్...

"లైన్ బంద్ ఉందా సార్?"

ఈసారి దగ్గరగా. బెల్లం వాసన పోయింది. వెంట్రుకలు కాలిన కంపు వచ్చింది. మాంసం మాడిన కంపు. సుమన కొంగుతో ముక్కు మూసుకుంది. అయినా ఆగలేదు.

"ఎవరది?" భానుప్రసాద్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎవరు... ఎవరున్నరక్కడ?"

మొదటి వరస వెనక ఆగింది అది. ఆకుల సందుల్లో ఏమీ కనబడలేదు. ఊపిరి మాత్రం వినబడింది.

"చెప్పుండ్రి సార్." మెల్లగా, మర్యాదగా. "బంద్ ఉందా?"

"బంద్..." ఆయన నాలుక తడబడింది. "బంద్ ఉంది... బంద్ ఉంది హెప్సిబా..."

"అయితే మీరు రాండ్రి."

భానుప్రసాద్ కారు వైపు తిరిగాడు. నడుము నుంచి పైకి తిరిగాడు. కాళ్లు తిరగలేదు. కుడికాలు చెరుకు వైపు ఒక అడుగు వేసింది. తర్వాత ఎడమకాలు. డబ్బా బాట మీద పడింది, ఆయన చేతులు గాలిలో కొట్టుకుంటున్నాయి.

"సుమనా... నా కాళ్లు... పట్టుకో, నన్ను పట్టుకో..."

సుమన రెండు చేతులతో ఆయన అంగీ పట్టుకుని వెనక్కి లాగింది. ఆగలేదు. కిందికి చూసింది. ఆయన ప్యాంటు అంచులు రెండూ ముందుకు సాగి బిగుసుకుని ఉన్నాయి. ఎవరో నేల మీద కూర్చుని, రెండు పిడికిళ్లతో పట్టి గుంజుతున్నట్టు.

అంగీ చిరిగింది. ముక్క ఆమె చేతిలో మిగిలింది. చెరుకు రెండుగా విడివడి, ఆయనను లోపలికి తీసుకుని, మళ్లీ మూసుకుంది.

సుమన పరుగెత్తింది. చెరుకాకు ముఖం మీద కోస్తున్నా, మట్టిపెళ్లలు తగిలి పడుతున్నా లేచి పరుగెత్తింది. స్టార్టర్ డబ్బా మూత లాగి, లోపలున్న ఫీజు పట్టుకుని పీకింది. ఎర్ర బల్బు ఆరిపోయింది.

"సార్! తీసేసిన! కరెంటు లేదు! వచ్చేయుండ్రి!"

ఒక్క క్షణం ఆమె గుండె కుదుటపడింది. ఫీజు తన పిడికిట్లో ఉంది. తీగలో ఇక ఏమీ లేదు.

తోట నడుమ, చెరుకు మొదళ్లలో, నీలం వెలుగు మెరిసింది.

చిటచిటమన్న చప్పుడు. ఒక కేక... సగంలో తెగింది. మళ్లీ నీలం వెలుగు. మళ్లీ. మళ్లీ. పగ తీరని చెయ్యి ఒకటే దెబ్బను తిరిగి తిరిగి కొడుతున్నట్టు. ఫీజు ఆమె చేతిలోనే ఉంది. బాట మీద పడి ఉన్న డబ్బా టకటకా టకటకా పరుగెత్తి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

దాని తర్వాత ఏం చేసిందో సుమనకు సరిగా గుర్తు లేదు. రోడ్డు మీదికి వచ్చి అరిచింది. చెరుకు లారీ వాళ్లు ఆగారు. జనం టార్చిలైట్లతో లోపలికి వెళ్లి ఆయనను మోసుకొచ్చారు. రెండు పిక్కల మీదా నల్లటి గీతలు. ఒక్కతీరుగా.

పోలీసులు తీగ చుట్టి తీసుకుపోయారు. ఫీజు లేకపోవడం చూసి, తప్పించుకోవడానికి సిద్దిరాములే పీకి పారేశాడని తేల్చారు. అతను ఏడ్చి మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. ఆ ఫీజు ఆ గడబిడలో సుమన చేతిలోంచి కాలువలో పడిపోయింది. తానే పీకిందని ఆమె ఎవరికీ చెప్పలేదు. పీకినంక గూడ కరెంటెట్ల వచ్చిందమ్మా అని అడిగితే, చెప్పడానికి ఆమె దగ్గర జవాబు లేదు. పైగా, సిద్దిరాములు జీపెక్కుతుంటే ఆమెకు జాలి కలగలేదు. అది ఆమెనే భయపెట్టింది.

కొలువు మానేసింది. గది ఖాళీ చేసి నిజామాబాద్ బస్సెక్కేముందు, ఒక్కమాట చెప్పిపోదామని పగటిపూట బాలవ్వ ఇంటికి వెళ్లింది.

బాలవ్వ వాకిట్లో రాయి ముందు కూర్చుని బట్టలు ఉతుకుతున్నది. ఖాకీ ప్యాంటు, ఖాకీ అంగీ, మందపాటి సాక్సులు. బకెట్లో నీళ్లు మసి కలిపినట్టు నల్లగా ఉన్నాయి.

"ఎవరివి అవ్వా?"

"హెప్సివి బిడ్డా."

"ఇన్నాళ్లు దాచుకున్నవా?"

"దాసుడెక్కడిది? పొద్దుగాల లేసేసరికి వాకిట్ల ఇడిసి ఉన్నయి. ఒకటే బురద." బాలవ్వ అంగీ మెడపట్టీకి సబ్బు రాసి రుద్దింది. "ఇంకో జత గూడ ఉతుకుడు పడుతదట. సిద్దిరాములు బెయిల్ మీద వస్తడంట గదా."

సుమన వెళ్లొస్తానని గొణిగి వెనక్కి తిరగబోయింది.

"నువ్వెందుకు బిడ్డా ఫీజు పీకినవ్?"

సుమన అక్కడే నిలబడిపోయింది.

"నీతోని ఎవరు చెప్పిండ్రు అవ్వా?"

"ఊకెనే అడుగుతున్న. దానికి మంచిగనిపియ్యలేదట." బాలవ్వ తల ఎత్తకుండానే ప్యాంటు మెలిపెట్టి పిండింది. నల్లటి నీళ్లు ధారగా కారాయి. "లోపట కూసో. చాయ్ తాగిపో."

ఆ ఇంట్లో బాలవ్వ తప్ప ఇంకెవరూ ఉండరు. ఆమె వాకిట్లోనే ఉంది, రెండు చేతులూ బకెట్లోనే ఉన్నాయి.

లోపల, పరదా వెనక, ఎవరో గ్లాసులో చాయ్ పోస్తున్న చప్పుడు వినిపించింది.