చూడని పేజీ

మా పై ఫ్లాట్‌లో ఒకాయన డ్రమ్స్ నేర్పిస్తాడు. కింద ఫ్లాట్‌లో కూర్చుని నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పడతాను. తప్పులు పట్టినందుకు ఎదురు జీతమిస్తారు, ఇంతకంటే సుఖమైన ఉద్యోగం ఉంటుందా? ఒక్కటే ఇబ్బంది. సరిగ్గా మా మేనేజర్ నోరు తెరిచే టైముకే పైన దడదడ మొదలవుతుంది.

ఆ రోజు మేనేజర్, "మీ ఇంట్లో గోడలేమైనా పగలగొడుతున్నారా?" అని అడిగాడు. కాల్ కట్ చేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాను. పై ఫ్లాట్ తలుపు తీసే ఉంది.

"ఏమండీ, దీన్ని ఇల్లనుకుంటున్నారా, రైల్వే స్టేషన్ అనుకుంటున్నారా..." అంటూ లోపలికి దూసుకెళ్ళి, ఆగిపోయాను.

డ్రమ్స్ వెనక కూర్చున్నది ఆయన కాదు. మా అక్క కూతురు. ఎనిమిదేళ్ళది. ఇంట్లో అందరం పిడుగు అని పిలుస్తాం. కింద గదిలో బుద్ధిగా పాఠం చదువుకుంటోందని నేను నమ్ముతున్న పిల్ల.

"పిన్నీ, అమ్మకి చెప్పకు," అంది, కర్రలు వీపు వెనక దాచుకుంటూ.

"రైల్వే స్టేషన్ దాకా వచ్చారు," అన్నాడు కిటికీ దగ్గర నుంచున్నాయన. "కానివ్వండి, వింటున్నా." మళ్ళీ నా కాళ్ళ వైపు చూసి, "నేల చల్లగా ఉంది, ఇలా కార్పెట్ మీదకి రండి," అన్నాడు.

తిట్టడానికొచ్చిన మనిషికి ఇంత మర్యాద చేస్తే ఇంకేం తిడతాం?

తిట్టాల్సింది పోయి కూర్చుని, మా మేనేజర్ గొడవతో సహా మా ఇంటి కథంతా చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు. పిడుగుకి చదవడం కష్టం. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయంటుంది. తెలివికేం లోటు లేదనీ, కొందరు పిల్లలకి చదవడంలో ఇలా ఇబ్బంది ఉంటుందనీ, వేరే దారి వెతకాలనీ డాక్టరమ్మ చెప్పింది. స్కూల్లో టీచర్ మాత్రం నెల గడువిచ్చింది. ఎప్పుడూ చూడని పేజీ ఒకటి ఇస్తుంది. దాన్ని పైకి చదవాలి. లేకపోతే మూడో క్లాసే మళ్ళీ చదవాలి. అక్క నర్సు, దానికి షిఫ్టులు. చదివించే పని నాది. అందుకోసం ఒక యాప్ కూడా తయారుచేశాను. తప్పు చదివితే ఎర్ర లైటు వెలుగుతుంది. అది వెలిగితే చాలు, పిల్ల బాత్రూమ్‌కి పరుగు.

"ఎర్ర లైటా? నాకు చూపించినా బాత్రూమ్‌కే పోతా," అన్నాడు. "పిడుగు చేతుల్లో తాళం బాగుందండీ. ఆ చేతుల్తోనే చదివిద్దామా? నాలుగు రోజులు చూడండి. నచ్చకపోతే మీ మేనేజర్ టైములో నేను వాయించను."

"నచ్చితే?"

"నచ్చినా వాయించన్లెండి."

ఆయన పద్ధతి తేలికే. పొట్టి అక్షరానికి ఒక దెబ్బ. దీర్ఘానికి రెండు. ఒత్తు వస్తే దాని ముందు అక్షరం మీద ఒక బరువు దెబ్బ. ఆయన పిడుగు స్కూలు పాఠంలో ఒక లైను వాయిస్తూ చదివేవాడు, పిడుగు వెనకే వాయిస్తూ చదివేది. నేను లాప్‌టాప్ పట్టుకుని ఓ మూల కూర్చునేదాన్ని. పైన నెట్ బాగా వస్తోందని అక్కకి చెప్పాను.

"మన నెట్టూ అదేగా?" అంది అక్క.

"పైన గాలి కూడా బాగుందక్కా."

"ఆహా!" అంది. అక్కలు ఆ ఒక్క ముక్కలో చాలా అనేస్తారు.

ఒకరోజు వాన. కిటికీలోంచి జల్లు నా కీబోర్డు మీద పడుతుంటే, ఆయన పాఠం ఆపకుండానే లేచొచ్చి కిటికీ తలుపు మూశాడు. మూసి వెళ్ళిపోవచ్చుగా? ఒక్క క్షణం నిలబడి నన్ను చూశాడు. నేను ఆ పూట పట్టిన తప్పులు సున్నా.

మూడు వారాలకి పిడుగు పాఠమంతా గడగడా చదివేసింది. ఆయన దాన్ని భుజాల మీదకెత్తుకుని గది మూడు చుట్లు తిప్పాడు. ఫోన్లో విని అక్క ఏడ్చేసింది.

నేనూ సంతోషించి ఊరుకోవాల్సింది. కానీ వృత్తి ఊరుకోనివ్వదు కదా. మర్నాడు అదే పాఠాన్ని టైప్ చేసి, నాలుగు మాటలు మార్చి చేతికిచ్చాను. పిల్లి ఉన్నచోట గుర్రం పెట్టాను.

పిడుగు కర్రలు ఊపుకుంటూ హాయిగా చదివింది. గుర్రాన్ని పిల్లి అనే చదివింది. మిగతా మూడూ అంతే.

ఆయన చేతులు ఆగిపోయాయి.

"మళ్ళీ ఒకసారి చూడమ్మా," అన్నాను.

అది కాగితాన్ని చూసింది. నన్ను చూసింది. "నువ్వు మార్చేశావు కదా?"

"ఊరికే చెక్ చేద్దామని..."

"నేనేమన్నా నీ యాప్‌నా?" కర్రలు నేల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

"దాని ముందే చేయాలాండీ?" అన్నాడు ఆయన మెల్లగా.

"రేపు టీచర్ ముందు బయటపడితే బాగుండేదా?"

ఆయన నేల మీది కర్రలు తీసి డ్రమ్ మీద పెట్టాడు. తర్వాత, "తప్పు నాది," అన్నాడు. "ముందు నేను వాయిస్తున్నా. అది చెవితో పట్టుకుని నా వెనకొస్తోంది. కంటికి పనే లేదు. దాన్నెప్పుడూ ముందు నడవనివ్వలేదు."

"చెప్పకుండా చేయడం నా తప్పు," అన్నాను. తప్పు ఒప్పుకోవడం మా ఉద్యోగంలో నేర్పరు.

పిడుగు బాల్కనీలో ఆరేసిన దుప్పటి వెనక దొరికింది. సారీ చెప్పాను.

"నాకు చదవడం రాదుగా పిన్నీ. మళ్ళీ చిన్నపిల్లల పక్కన కూర్చోబెడతారు."

"ఇంకా ఎనిమిది రోజులున్నాయే. ఈసారి నువ్వే ముందు. మేం నీ వెనక."

దుప్పటి కొంచెం కదిలింది. "సర్‌కి కోపం వచ్చిందా?"

"నా మీదొచ్చింది."

"అయితే పర్లేదు," అంటూ బయటికొచ్చింది.

కొత్త రూల్ పెట్టుకున్నాం. రోజూ నేను నాలుగు లైన్లు రాయాలి, ఆయన నాలుగు రాయాలి. నేను రాసింది ఆయన చూడకూడదు, ఆయన రాసింది నేను చూడకూడదు. పిడుగు చదువుతుంటే, చూడనివాళ్ళు దాని వెనక తాళం వేయాలి. తర్వాత ఏమొస్తుందో తెలీదు కాబట్టి దాన్ని దాటి పోలేం.

"సర్ చొక్కాకి ఒక గుండీ లేదు," అని నేను రాశాను.

"పిన్నికి కోపమొస్తే ముక్కు ఎర్రబడుతుంది," అని ఆయన రాశాడు.

ఒక్కో కాగితానికి పది నిమిషాలు పట్టేది. పిడుగు తడబడేది, వెనక్కెళ్ళేది, మళ్ళీ కొట్టేది. అర్థం కాగానే పడీ పడీ నవ్వేది. పాఠం చదివి అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

పరీక్ష రోజు అక్కా నేనూ క్లాసు బయట గోడకి అంటుకుని నిలబడ్డాం. టీచర్ పేజీ ఇచ్చింది. లోపల చప్పుడు లేదు. అక్క నా చెయ్యి నలిపేస్తోంది. అప్పుడు బెంచీ మీద వేళ్ళ చప్పుడు. ఒకటి. ఒకటి. ఒకటీ రెండు. వెనకే పిడుగు గొంతు. రెండుచోట్ల తప్పింది. ఎవరూ చెప్పకుండానే వెనక్కెళ్ళి దిద్దుకుంది.

"నెమ్మదిగా ఉంది. కానీ చదువుతోంది," అంది టీచర్ బయటికొచ్చి. "నాలుగో క్లాసుకి పంపిస్తున్నా. ఆ తాళం మాత్రం మాన్పించకండి."

ముగ్గురం తిన్నగా పై ఫ్లాట్‌కే వెళ్ళాం. విషయం విని ఆయన ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"ఇంకానా? పాసైపోయాగా సర్!"

"ఇదొక్కటి చదివిపెట్టమ్మా."

రూల్ రూలే. నేను కర్ర అందుకున్నాను. పిడుగు మొదలుపెట్టింది. "పి...న్ని...కి... నే...నం...టే... ఇ...ష్ట...మో... కా...దో..."

నా చెయ్యి దాని వెనక నడుస్తోంది. గుండె మాత్రం ముందెళ్ళిపోతోంది.

"నా...కు... మా...త్రం... చా..."

ఒక దెబ్బ వేసి ఆగిపోయాను.

"పిన్నీ! దీర్ఘం! రెండు కొట్టాలి!"

రెండోది కొట్టాను.

"...లా... ఇ...ష్టం." చదివాక పిడుగుకి అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాళ్ళమ్మని చూసింది. అక్క కిటికీలోంచి బయట ఏదో చాలా ముఖ్యమైనది చూస్తున్నట్టు నటించింది.

"జవాబుకి తొందరేం లేదండీ," అన్నాడాయన. గొంతులో తాళం తప్పింది.

ఆ కాగితం తీసుకుని కింద నా లైను రాశాను. పిడుగు చేతికిచ్చాను.

"ఏం రాసిందే?" అంది అక్క, ఇక ఆగలేక.

ఆయన తాళం వేయడానికి కర్రలెత్తేలోపే పిడుగు చదివేసింది. విడగొట్టకుండా, వేలైనా కదపకుండా, చూసీ చూడగానే.

"నాకూ."