అమలకు పలకని మూడో స్వరం

ఆదివారం పొద్దున స్టవ్ మీద చాయ్ మరుగుతుంటే, అమల రికార్డర్ నోట్లో పెట్టుకుంది. స్కూలు పిల్లలు ఊదే తెల్లటి ప్లాస్టిక్ వాయిద్యం అది. మెల్లగా ఊదుదామనే అనుకుంది, కానీ కీచుమని అరిచింది.

"అమలా, జర ఆపుతవా? కన్ను మూతపడితలేదు," లోపలి గదిలోంచి భర్త దిలీప్ విసుక్కున్నాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో నైట్ డ్యూటీ చేసొచ్చి అప్పుడే పడుకున్నాడు.

అమల మల్కాజ్‌గిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి టీచర్. క్లాస్ టీచర్లే పిల్లలకు రికార్డర్ నేర్పాలని కొత్త ప్రిన్సిపాల్ పట్టుబట్టాడు. సోమవారం అందరి ముందు బి, ఏ, జి అనే మూడు స్వరాలు వాయించాలి. రాకపోతే క్లాసు ఇంకొకరికి ఇచ్చి, ఆమెను ఆఫీసు పనిలో వేస్తారు. ఈ వయసులో పిల్లలను వదిలి ఆఫీసు బల్ల ముందు కూర్చోవడం ఆమెకు ఇష్టం లేదు.

"చర్చిలో కీబోర్డూ రికార్డరూ వాయించే బిడ్డ ఇంట్లో ఉండంగ నీకేం ఫికరు?" అన్నారు తోటి టీచర్లు. అసలు చిక్కు ఆ బిడ్డతోనే.

చర్చి అయ్యాక నవనీత తల్లిని యూనివర్సిటీ క్యాంపస్‌లోకి తీసుకెళ్ళింది. తార్నాకలో వాళ్ళ ఇంటి నుంచి నడిచిపోయే దూరమే. అక్కడే ఎమ్మెస్సీ చదువుతోంది. సెలవు రోజు కావడంతో డిపార్ట్‌మెంట్ వెనక బెంచీలన్నీ ఖాళీగా ఉన్నాయి.

"ఊదు మమ్మీ."

బి వచ్చింది. ఏ వణికింది. జి కోసం ఎడమ చేతి ఉంగరపు వేలు ఆనించగానే కీచుమంది.

"గట్టిగ ఊదకు అన్న కదా! వేలు బొక్కని పూరా మూస్తలేదు, చూడు."

"మూసిన గదా..."

"మూయలేదు! గాలి పోతున్నది. మళ్ళ."

మళ్ళీ కీచుమంది. ఆ పక్కగా పోతున్న ఇద్దరు స్టూడెంట్లు వెనక్కి చూసి నవ్వుకున్నారు. నవనీత ముఖం ఎర్రబడింది.

"మూడు నోట్స్ మమ్మీ! చిన్న పిల్లలు ఒక్క గంటల్నే నేర్చుకుంటరు. నీతోని కాదు, వదిలెయ్. ఆఫీసు పనే చేసుకో!"

అమల రికార్డర్ ఒళ్ళో పెట్టుకుంది.

"ప్రిన్సిపాల్ అంటే నాకు భయం లేదు బిడ్డా. నువ్వంటేనే భయం. నువ్వు ఎదురుంగ కూసుంటే వచ్చింది గూడ మర్చిపోతున్న. తప్పు వాయించకముందే నీ ముఖం మారుతది."



"ఇగో," అమల రికార్డర్ అందించింది. "నీకు అలవాటైనట్టు కాదు. చేతులు తారుమారు చేసి వాయించు."

"గదెంత పని?" నవనీత కుడిచేయి పైకి, ఎడమచేయి కిందికి మార్చి, తనకు బాగా వచ్చిన క్రిస్మస్ పాట అందుకుంది. రెండో స్వరానికే వేళ్ళు తడబడ్డాయి. ఇంకోసారి ప్రయత్నించింది. కీచుమంది. మూడోసారీ అంతే. విసుగుతో పెదవి కొరుక్కుంది. ఏ వేలు ఎక్కడ పెట్టాలో తెలుస్తూనే ఉంది, కానీ వేలు మాట వినడం లేదు.

తల పైకెత్తి చూసింది. తల్లి నవ్వడం లేదు.

"పర్వాలేదు, నిదానంగ," అంది అమల. తరగతి గదిలో అనే గొంతే అది.

నవనీత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సారీ మమ్మీ. నాకు వచ్చు కదా, రానోళ్ళకు ఎట్లుంటదో సోచాయించలే."

తర్వాత ఆమె ఎదురుగా కాకుండా తల్లి పక్కన కూర్చుంది. ముఖం చూడకుండా, వేలు మీద వేలు ఆనించి, బొక్క మూసుకునే చోటు చూపించింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. కీచుమన్నప్పుడల్లా నవనీత "ఇంకోసారి" అని మాత్రమే అంది.

సోమవారం సాయంత్రం అమల ఇంటికి వచ్చేసరికి తండ్రీకూతుళ్ళు గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఏమాయె?" దిలీప్ అడిగాడు.

"మూడోది తప్పిన. అందరు నవ్విండ్రు." అమల చెప్పులు విడిచింది. "ఆగిన. ఊపిరి తీసుకొని మళ్ళ మొదలువెట్టిన. ఈసారి పలికింది."

"క్లాసు?" నవనీత అడిగింది.

"నాదే."

కూతురు వచ్చి తల్లి ఎడమచేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు.