తునికి మలుపు కాడ ఆగిన లారీ

నిర్మల్ దాటి ఆదిలాబాద్ రోడ్డు పట్టినంక గుట్ట ఎక్కే ఘాటు మొదలైతది. గా ఘాటు నడుమ, ఒక తునికిచెట్టు కింద, రోడ్డు గిర్రున తిరిగి ఒక్కసారే పైకి లేచేది. దాన్ని తునికి మలుపు అనేటోళ్లు. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేసిన్రు, చెట్టు లేదు. గని గా రోజుల్ల పొద్దుగూకినంక గా మలుపు పేరు ఎవ్వరూ ఎత్తకపోయేది.

ఎందుకంటే అక్కడ బండ్లు ఆగేటివి.

పగటిపూట పోయిన లారీలు మంచిగనే పోయేటివి. చీకటి పడ్డంక ఎక్కిన లారీ... మలుపు కాడికి రాంగనే దగ్గు దగ్గినట్టు దగ్గి, నిలబడేది. లైట్లు ఎర్రగై ఆరిపోయేటివి. అద్దంల చూస్తే బండి ఎనుక తెల్లగ ఎవరో నిలబడ్డట్టు ఉండేది.

ఎవరో ఏంది, పేరే చెప్పేటోళ్లు. రాయమల్లు.

రాయమల్లు లారీ డ్రైవరు. గంతకు రెండేండ్ల ముంగట వానకాలంల గా మలుపుల్నే అతని బండి ఆగింది. ఎనుక టైరుకు రాయి అడ్డం పెట్టి, ఏమైందో చూద్దమని కిందికి దూరిండు. తడిమట్టిల రాయి జారింది. బండి ఎనుకకు నడిచింది... గంతే.

ఆనాటి సంది బండ్లను రాయమల్లే ఆపుతుండని డ్రైవర్లందరూ నమ్మిన్రు. కొందరు కొబ్బరికాయ కొట్టి పోయేటోళ్లు. కొందరు ఇంత సారా ఒంపి పోయేటోళ్లు.

గీ ముచ్చట నాకు చెప్పింది మా సాంబయ్య చిన్నాయన. నిర్మల్‌ల డీజిల్ ఇంజన్లు బాగుచేసే మిస్త్రి. పందొమ్మిది వందల అరవై ఒకటో, అరవై రెండో... గా దినం ఆయన చీకటి పడ్డంక జరసేపటికి షెడ్డు మూస్తుంటే, పత్తి లారీ డ్రైవర్ ఒకడు బండి ఆపి చెప్పిండట — "కైలాసం బండి మలుపుల ఆగింది. లస్మవ్వ హోటల్ కాడ కూసున్నడు. నిన్ను రమ్మన్నడు."

లస్మవ్వ అంటే రాయమల్లు పెండ్లాం. మొగడు పోయినంక ఘాటు మొదట్ల గుడిసె ఏసుకొని చాయ్ అమ్ముకునేది. ఇంతకుముందు రాయమల్లు నడిపే దారే అది.

చిన్నాయన సైకిల్‌కు పానాల సంచి కట్టుకొని పోయిండు. గుడిసె ముంగట బల్ల మీద కైలాసం ముడుచుకొని కూసున్నడు. ముంగట చాయ్ సల్లారిపోయి ఉన్నది. కైలాసం సుల్తానాబాద్ నుంచి బోథ్‌కు బియ్యం లోడు తోలుతుండె. ఒకప్పుడు రాయమల్లు బండి మీదనే పని నేర్చుకున్నోడు.

"ఏమైందిరా?" అన్నడు చిన్నాయన.

"గదే అయింది. దగ్గింది, ఆగింది, లైట్లు పోయినయి." కైలాసం గొంతు తగ్గించిండు. "అద్దంల చూసిన అన్నా. తెల్లగ ఉన్నడు. బండికి ఆనుకొని నిలబడ్డడు. చాబీ గూడ తీయలే, దుంకి ఉరికొచ్చిన."

గుడిసె లోపట గిన్నె చప్పుడు ఆగిపోయింది.

కైలాసం లోపటి దిక్కు చూసి మెల్లగ అన్నడు — "రేపు అమాస. డ్రైవర్లందరం కలిసి ఒక మంత్రగాన్ని మాట్లాడినం. తునికిచెట్టుకు మేకు కొట్టి కట్టేస్తడట. నాకు గురువే గని... ఇగ తప్పదు."

లస్మవ్వ బయటికొచ్చింది. సన్నటి మనిషి. కొంగు నడుముకు చెక్కుకున్నది.

"సాంబయ్యా," అన్నది, "బతికున్నప్పుడు మీ రాయమల్లన్న దారిల ఆగిన బండి కాడ దిగకుండ పోలేదెన్నడు. గసొంటోడు సచ్చినంక బండ్లను ఆపుతడా? నువ్వు ఇంజను చదివినోనివి. ఆయనేనో కాదో జూసి చెప్పు. ఆయనే అయితే మేకు కొట్టుకోనియ్యి. నేను అడ్డం రాను."

"చూస్త వదినె. గని ఒక్కనితోని గాదు. నేను ముంగట పని చేస్తుంటే ఒకరు క్యాబిన్ల కూసొని ఇంజను లేపనీకి సెల్ఫ్ కొట్టాలె."

కైలాసం తల వంచుకున్నడు. గాయన కాళ్లు గా బల్ల కాడ్నే నాటుకున్నయి.

"నేనొస్త," అన్నది లస్మవ్వ. "ఏ పిడి గుంజాలెనో, ఏది తొక్కాలెనో నాకెరుకే. ఆయన పక్కన శానసార్లు కూసున్న."

ఇద్దరు నడిచిన్రు. చిన్నాయన చేతిల టార్చిలైటు. ఎండిన తునికి ఆకులు కాళ్ల కింద పటపటమంటున్నయి.

మలుపు తిరగంగనే లారీ కనబడ్డది. నల్లగ, ముక్కు పైకెత్తి, సచ్చిపోయిన ఎనుపోతు లెక్క... డ్రైవర్ దిక్కు తలుపు తెరిచే ఉన్నది. ఎనుక టైరుకు రాయి లేదు. హ్యాండ్ బ్రేకు మీదనే నిలబడి ఉన్నది.

లస్మవ్వ ముందుగాల అదే చూసింది. రోడ్డు పక్క నుంచి పెద్ద రాయి దొర్లించుకొచ్చి టైరుకు పెట్టింది. రెండుసార్లు కాలితోని తన్ని చూసింది. అటెన్క క్యాబిన్ ఎక్కింది. తలుపు పడ్డ చప్పుడు చిన్నాయన ఇన్నడు.

"నేను చెప్పినప్పుడే కొట్టాలె, వదినె."

"సరే," అన్నది లోపటి నుంచి.

చిన్నాయన ముందు లైట్ల సంగతి పట్టుకున్నడు. బ్యాటరీ మంచిగనే ఉన్నది. దాని నుంచి దొడ్డు తీగె ఒకటి బండి చట్రానికి పోతది. ఆ తీగె బిగించిన బోల్టు వదులైంది, కింద తుప్పు పట్టింది. గుంతల పడ్డప్పుడల్ల కదులుతది, కదిలినప్పుడల్ల లైట్లు పోతయి. తుప్పు గీకి, బోల్టు బిగించిండు. ముందటి లైట్లు ఒక్కసారే ఎలిగినయి.

అడవి నిండ ఎలుగు పడ్డది. తునికిచెట్టు దగ్గరికి జరిగినట్టు అనిపించిందట.

లైట్లు ఆర్పి, టాంకి మూత తీసి పుల్ల ముంచిండు. డీజిల్ సగానికి తక్కువున్నది. గప్పుడు ఆయన ఆగి, ఎక్కుడు దిక్కు చూసిండు. బండి ముక్కు పైకి, తోక కిందికి. టాంకిల ఉన్న డీజిల్ అంత ఎనుకకు జరిగింది. డీజిల్ గుంజే గొట్టమేమో టాంకిల ముందు దిక్కున్నది. గొట్టం మూతి గాలిల తేలింది. ఇంజనుకు డీజిల్‌కు బదులు గాలి పోయింది. గాలి పోయిన డీజిల్ ఇంజను దగ్గక ఏం చేస్తది?

ఆయనకు నవ్వొచ్చిందట. నవ్వితే గా చీకట్ల బాగుండదని నవ్వలే.

బండిల ఉన్న డబ్బా డీజిల్ టాంకిల పోసిండు. బానెట్ లేపిండు. గా లారీలకు బానెట్ లేపితే ముంగటి అద్దం మొత్తం కప్పుకపోతది. క్యాబిన్ల ఎవరున్నరో కనబడదు. పంపు మీది మర వదులు జేసి, చేతితోని కొట్టుకుంట పోయిండు. ముందు బుస్సుమని నురుగు, బుడగలు... అటెన్క అచ్చమైన డీజిల్ వచ్చింది. మర బిగించిండు.

"సెల్ఫ్ కొట్టు, వదినె."

ఒక్క నిమిషం ఏం లేదు.

అటెన్క సెల్ఫ్ తిరిగింది. ఇంజను అందుకున్నది — గని కుంటుకుంట. ఒక సిలిండర్ కొడుతలేదు. పొగ బుసబుస ఎనుకకు పోతున్నది. టార్చి అటు తిప్పి చూసిండు. తెల్లటి పొగ... పైకి లేవకుండ, బండికి ఆనుకొని, మనిషంత ఎత్తుల నిలబడ్డది.

గిదే కైలాసం చూసింది. మండని డీజిల్ పొగ. సిలిండర్లకు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఒకటి పాడైతే చాలు.

"రేసు ఇయ్యి, వదినె. గట్లనే తొక్కి పట్టు."

రేసు లేచింది. దారం గుంజి పట్టినట్టు నిలబడ్డది.

చిన్నాయన ఒక్కొక్క ఇంజెక్టర్ పైపు నట్టు వదులు జేసుకుంట వచ్చిండు. పనిచేసే దాన్ని వదులు జేస్తే ఇంజను గొంతు పడిపోతది. పనిచేయని దాన్ని వదులు జేసినా ఏం మారది. మొదటిది... పడిపోయింది. బిగించిండు. రెండోది... పడిపోయింది. మూడోది. ఒక్కోసారి ఆయన నోరు తెరువకముందే రేసు జర తగ్గి, చెయ్యి తీసినంక మల్ల లేచేది. మొగని పక్కన కూసొని లస్మవ్వ ఎంత నేర్చుకున్నదో అనుకున్నడు.

"భయమైతుందా, వదినె?" అని అడిగిండు, ఊరికెనే.

జవాబు రాలే. ఇంజను చప్పుడుల ఇనబడలేదు కావచ్చు.

నాలుగోది వదులు జేసిండు. ఇంజను గొంతు మారలే.

"దొరికింది. బంద్ చెయ్."

ఇంజను బంద్ అయింది. అడవి మల్ల మీద పడ్డది. గా ఇంజెక్టర్ ఊడదీసి చూస్తే దాని సూది మసి పట్టి ఇరుక్కున్నది. డీజిల్‌ల కడిగి, బట్టతోని తుడిచి, సూది సర్రున జారెదాక పట్టిండు. మల్ల బిగించి, మల్ల గాలి తీసి —

"కొట్టు."

ఇంజను గుర్రుమని లేచింది. కుంటుడు లేదు. పొగ లేదు. చిన్నాయన గా చప్పుడు ఇనుకుంట కొంచెంసేపు నిలబడ్డడు. పాణం నిమ్మలమైంది.

"ఇగ చాలు. బంద్ చెయ్, వదినె."

బంద్ అయింది.

పానాలు సంచిల ఏసుకొని బానెట్ దించిండు. లస్మవ్వ బండి ఎనుక నుంచి నడిచొచ్చింది. చేతులకు మట్టి. అటు తలుపు దిగి చుట్టు తిరిగొచ్చింది అనుకున్నడు. ఇద్దరు కిందికి నడిచిన్రు.

దారిల చిన్నాయన అన్నీ ఇడమర్చి చెప్పిండు. సుల్తానాబాద్‌ల పొద్దుగాల లోడు ఎత్తుకున్న బండి ఘాటుకు వచ్చేసరికి పొద్దుగూకుతది, టాంకి సగానికి దిగుతది, గందుకే రాత్రి పూటనే ఆగుతున్నయి. నిర్మల్‌ల టాంకి నింపుకుంటే ఒక్కటీ ఆగది. తెల్లగ నిలబడేది పొగ. ఆరిపోయే లైట్లు వదులైన తీగె.

"రాయమల్లన్న బండి గూడ గందుకే ఆగి ఉంటది, వదినె. దాంట్ల ఆయన తప్పేం లేకుండె."

లస్మవ్వ చేతుల మట్టి కొంగుకు తుడుచుకున్నది.

"అయితే ఆయన అక్కడ లేడు," అన్నది.

"లేడు."

"మంచిదే," అన్నది. గని గా మాటల మంచి ఏమీ ఇనబడలేదట చిన్నాయనకు. ఏదన్న ఒక ఇంపు మాట చెప్దామని అన్నడు — "ఎన్నో ఏండ్లు నడిపిన డ్రైవర్ లెక్క పట్టినవ్ రేసు. నేను చెప్పకముందే తగ్గిస్తివి. నువ్వు లేకుంటే గా నాలుగో ఇంజెక్టర్ దొరకకపోతుండె."

లస్మవ్వ నిలబడ్డది.

"నేనేడ పట్టిన రేసు?"

చిన్నాయన టార్చి ఆమె కాళ్ల కాడనే పట్టిండు. మొఖం మీదికి ఎత్తలే.

"నేను క్యాబిన్ల లేను సాంబయ్యా. ఎక్కి కూసున్న... ఎనుక రాయి కిర్రుమన్నది. ఇగ కూసోబుద్ధి గాలే. దిగిపోయి, పని అయినదాక రాయి పట్టుకొనే కూసున్న. నీ మాటలు అక్కడికి ఇనరాలే, నువ్వే తీగలు కలిపి కొడుతున్నవ్ అనుకున్న."

"దిగేటప్పుడు నాకు చెప్పలే?"

"చెప్పిన. 'నేను రాయి కాడ ఉంట' అన్న. నువ్వు 'పో, నేను జూసుకుంట' అంటివి గదా."



"నేను అనలే, వదినె."

పైన మలుపుల ఏ చప్పుడూ లేదు. లస్మవ్వ మెల్లగ రోడ్డు పక్క కూసున్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఏడ్వలే. చానసేపు అట్లనే మలుపు దిక్కు చూసుకుంట కూసున్నది. చిన్నాయన లెవ్వమనలే.

గుడిసె కాడికి వచ్చినంక కైలాసానికి ఆమెనే చెప్పింది — "బండి బాగైంది బిడ్డా. నింపాదిగ పో. అక్కడ నిన్నాపేటోడు ఎవ్వడు లేడు."

కైలాసం పోయిండు. బండి మలుపు ఎక్కి, అవుతలికి దిగిన చప్పుడు ఇద్దరూ ఇన్నరు.

తెల్లారి మేకులు పట్టుకొని మంత్రగాడు వచ్చిండు. డ్రైవర్లు వచ్చిన్రు. చిన్నాయన సీసల సగం నీళ్లు పోసి, బొంగుపుల్ల పెట్టి, సీస వాల్చి చూపించిండు. పుల్లతోని గుంజితే నీళ్లు రాలే, గాలి వచ్చింది. ముందు ఒకడు నవ్విండు, అటెన్క అందరూ నవ్విన్రు. కైలాసం నవ్వలే. మంత్రగానికి చాయ్ తాపి పంపించేసిన్రు. గా దినం నుంచి బండ్లు నిర్మల్‌ల టాంకి నింపుకొని ఎక్కేటివి. మలుపుల బండి ఆగిందన్న మాట మల్ల ఇనబడలే. లస్మవ్వ గుడిసె ముంగట రాత్రుల్ల గూడ లారీలు ఆగి, చాయ్ తాగి పోయేటివి.

క్యాబిన్ ముచ్చట మాత్రం ఇద్దరూ ఎవ్వరికీ చెప్పలే.

కొన్ని నెలలు పోయినంక, ఒకనాడు లస్మవ్వ నిర్మల్‌కు వచ్చి చిన్నాయన షెడ్డు ముంగట నిలబడ్డదట. పోయేముందు మెల్లగ అడిగిందట —

"సాంబయ్యా... సగం టాంకితోని ఒక బండి పైకి తోలుకపోరాదూ. ఒక్కసారి ఆగితే సాలు."

"మరి పోయినవా?" అని నేను అడిగిన.

చిన్నాయన బీడి ముట్టించుకున్నడు.

"పోలే. భయమైంది."

"రాయమల్లు వస్తడనా?"

"కాదురా," అన్నడు. "రాకుంటే... ఆమెకేం చెప్పాలె?"