గాలి బంగ్లా మీద కార్తీక తుఫాను

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే, రోడ్డుకు లోపలగా పల్లంలో ఒక పాడుబడ్డ గది ఉంటుంది. ఊళ్లో దాన్ని గాలి బంగ్లా అంటారు. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. ఐటీ ఊపులో జానెడు జాగా దొరికినా ప్లాట్లు గీసేసిన వెంచర్ల వాళ్లు కూడా, ఆ బంగ్లా దగ్గరికొచ్చేసరికి పక్కకు తిరిగి గీశారు. దానికి ఎంత చెడ్డపేరుందో ఇక వేరే చెప్పాలా!

అక్కణ్ణుంచి కొరివి దెయ్యం లేచేదట. చీకటి పడగానే ఎర్రటి నిప్పొకటి నేల మీంచి లేచి... పైపైకి పోయి... చుక్కల్లో కలిసిపోయేదట.

మహేశ్వర్ ఈ మాటకు నవ్వేవాడు. పుట్టింది ఆ ఊళ్లోనే అయినా మాదాపూర్‌లో ఉద్యోగం, మెడలో బ్యాడ్జీ. పైగా దెయ్యం గుట్టు అతనికి ఆఫీసులోనే దొరికింది. ఆ బంగ్లా ఒకప్పుడు వాతావరణ కేంద్రం. రాత్రిపూట అక్కడ బెలూన్ వదిలేవారు. చీకట్లో కనబడాలని దాని కింద కాగితపు లాంతరు కట్టేవారు. ఆ వెలుగు ఎటు జరుగుతోందో దుర్భిణిలో చూసి, పైగాలి వేగం లెక్కగట్టేవారు. వాతావరణం ఎలా మారుతోందో పరిశోధించే వాళ్లకోసం ఆ పాత లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, తప్పులు సరిదిద్దడం మహేశ్వర్ పని.

చిక్కంతా కార్తీకంతో వచ్చింది. యేటా ఆ నెల రాత్రుళ్లు, కింద నుంచి పైదాకా గాలి ఒకే దిక్కుకు, ఒకే వేగంతో వీచినట్టు ఉంది. అదీ తుఫాను వేగం. లోకంలో ఏ గాలీ అంత క్రమశిక్షణగా వీయదు.

"కారణం దొరక్కపోతే ఈ స్టేషన్ రికార్డులు మొత్తం తీసేద్దామండీ" అన్నాడు టీమ్ లీడ్ సాయి చరణ్. భీమవరం మనిషి, మర్యాదస్తుడు. కొంప ముంచే మాటైనా మెత్తగానే చెబుతాడు.

మహేశ్వర్‌కు మనసు చివుక్కుమంది. ప్రపంచంలో అందరి ఆకాశం ఉండి, తన ఊరి ఆకాశం మాత్రం ఖాళీ గడిగా మిగిలిపోవడం అతను తట్టుకోలేకపోయాడు. "ఒక్కసారి అక్కడ నిలబడి, ఆ దిక్కుకు చూసొద్దాం సార్" అని బతిమాలాడు.

అది కార్తీకమే. బైకు మీద పోయేసరికి చీకటి పడింది. కరెంటు కూడా పోయింది.

"నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదండీ" అన్నాడు సాయి చరణ్, మహేశ్వర్ చొక్కా వదలకుండా.

దుర్భిణి పెట్టే రాతి దిమ్మె ఇంకా ఉంది. మహేశ్వర్ దిక్సూచి చూసి, పాత లెక్కల్లో ఉన్న దిక్కుకు తిరిగాడు. అటు ఊరున్న మెరక. మధ్యలో మామిడితోట అడ్డం. నల్లటి చీకటి తప్ప ఏమీ లేదు...

అప్పుడు లేచింది.

తోట నెత్తిన చిన్న నిప్పు. ఒక్కో జానా పైకి జరుగుతూ... సరిగ్గా ఆ దిక్కునే.

"మహేశ్వర్ గారూ..." సాయి చరణ్ అతని చొక్కాను రెండు చేతులా పట్టుకున్నాడు. "లాంతర్లు కట్టడం ఎప్పుడో మానేశారు కదండీ..."

మహేశ్వర్ రాతి దిమ్మెను పట్టుకున్నాడు. బ్యాడ్జీ ఉన్న సంగతే మర్చిపోయాడు. నిప్పు సగం దాకా వచ్చి ఆగింది... రెండుసార్లు వణికింది... మళ్లీ పైకి పోయి, ఆకాశంలో నిలబడిపోయింది.

ఆ వణుకు చూడగానే అతనికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"సార్, అది మా అవ్వ."

"ఎప్పుడు పోయారండీ?" అన్నాడు సాయి చరణ్ జాలిగా.

"పోలేదు సార్. ఇంట్లనే ఉన్నది. అది మా ఇంటి ఆకాశదీపం. తాడుకు నడుమ ముడి ఉన్నది, కప్పీల ఇరుక్కుంటది. రెండుసార్లు గుంజితె గాని పైకి పోదు."

బెలూన్ లాంతరు ఆరిపోయినప్పుడో, కన్ను చెదిరినప్పుడో, పాపం ఆ దుర్భిణి మనిషి ఈ దీపాన్ని పట్టుకున్నాడన్న మాట. బెలూన్ ఎలాగూ పైకి పోతూనే ఉంటుందని లెక్క. చూపు మాత్రం ఒకేచోట ఆగిందంటే, అది అంత జోరుగా దూరం కూడా పోతోందని తేలుతుంది. అలా కదలని దీపం కాగితం మీద తుఫానైంది.

ఇంటికి పోయి అడిగితే అవ్వ ముత్తమ్మ తడుముకోకుండా చెప్పింది. "ఆ బంగ్లాల లేసే కొరివి దెయ్యం ఊరి మీదికి రావద్దని మీ తాత అంత పొడుగు వెదురు పాతిండు. నేను దీపం ముట్టిస్తుంటి, తాత తాడు గుంజుతుండె. దాని కన్న మన దీపమే గట్టిగ నిలవాలె అనెటోడు."

వాళ్ల లాంతరును చూసి వీళ్లు హడలిపోతే, వీళ్ల దీపాన్ని పట్టుకుని వాళ్లు బోల్తాపడ్డారు. సాయి చరణ్ కడుపు పట్టుకుని నవ్వి, అవ్వ పెట్టిన సర్వపిండి తిని, కార్తీకం ఒక్కటే పక్కకు తీసి మిగతా లెక్కలన్నీ ఉంచుకుందామన్నాడు. మహేశ్వర్‌కు నిజంగా కళ్లు చెమ్మగిల్లాయి.

కరెంటు వచ్చాక కూర్చుని, ఒక్కో యేడూ తెరిచి, కారణం గడిలో 'ముత్తమ్మ ఆకాశదీపం' అని కొట్టుకుంటూ పోయాడు.

"అన్ని యేండ్లూ పెట్టిండ్రా అవ్వా? నడుమ ఆగలేదా?"

"మీ తాత అంతయ్య కాలం జేసిన యేడు పెట్టలే. సరిగ్గ కార్తీకం ముంగట పోయిండు. ఇంట్ల మైల. వెదురు సుత దించి పండవెట్టినం."

మహేశ్వర్ ఆ యేడు తెరిచాడు.

అదే దిక్కు... అదే తుఫాను.

"అవ్వా..." అన్నాడు గొంతు తగ్గించి. "మరి ఆ యేడు దీపం ఎవరు లేపిండ్రు?"

ముత్తమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. "అంతయ్యకు ఒక్క రాత్రి సుత ఆపుడు తెల్వది బిడ్డా" అంది. "జర ఆ చెంబు అందుకో."

మహేశ్వర్ చెంబు అందించి వచ్చి, ఆ యేటి కారణం గడి తెరిచాడు. మిగతా యేళ్లకు రాసిందే రాశాడు. పేరొక్కటే మార్చాడు.