కుడి గ్యాలరీలో బనియన్

ఆ అబ్బాయి ఆ అమ్మాయి వీపు మీద ఉడోన్ నూడుల్స్ గిన్నె మొత్తం ఒలకబోశాడు. వాళ్ళ పరిచయం అలా మొదలైంది.

"కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడుస్తున్నారు?" అంటూ ఆమె లేచింది.

"బంతి మీదండీ. మనవాడు కొట్టాడేమో అనుకున్నా."

"మనవాడా? కొట్టడమా? మీరసలు ఏ జట్టు చూస్తున్నారు?"

అతను తువ్వాలుతో ఆమె వీపు తుడవబోయాడు. మధ్యలో ఆగిపోయాడు. తువ్వాలు ఆమె చేతికిచ్చి, తల వంచి, మళ్ళీ మళ్ళీ వంచి, చివరికి ముందు సీటుకి నుదురు కొట్టుకున్నాడు. ఆమె నవ్వేసింది. రెండు నూడుల్స్ వచ్చి నా బూటు మీద పడ్డాయి. వాటి గురించి ఎవరూ నాకు క్షమాపణ చెప్పలేదు.

మా ఊరి బేస్‌బాల్ జట్టు షిమొనొసెకి ఫుగూస్. ఫుగు అంటే విషమున్న చేప. పేరులో ఉన్నంత విషం మా వాళ్ళ బ్యాటులో లేదు. అయినా చూస్తాం.

మా గ్యాలరీలో ఎవరూ ఎవరి పేరూ అడగరు. అభిమానించే ఆటగాడి అంకె జెర్సీ వీపు మీద ఉంటుంది. అదే పేరు. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని అత్తగార్ల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి అన్నీ చెప్పుకుని, పక్కవాడు పోయాక పేపర్లో ఫొటో చూసి "ఓహో, ఇదా పేరు" అనుకున్నవాళ్ళున్నారు. ఆ అబ్బాయి పదకొండు. ఆ అమ్మాయి ముప్పైఆరు. నేను జెర్సీ వేసుకోను. అందుకని తాత అంటారు. నాకది ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు.

మా ఆవిడ ఉన్నప్పుడు నా పక్కన కూర్చుని స్వెట్టర్లు అల్లేది. ఆట వంక చూసేది కాదు. అందుకు ఆమెను క్షమించలేదు. ముందు పోయినందుకూ క్షమించలేదు. ఆమె సీట్లో ఇప్పుడు ఈ ఇద్దరిలో ఎవరో ఒకరు కూర్చుని నా చెవిలో వాగుతుంటారు.

బేస్‌బాల్ నెమ్మదైన ఆట. మాటలకు బోలెడంత సమయం దొరుకుతుంది.

"మా నాన్న పొద్దున్నే స్నానాలగదిలో బాకా ఊదుతాడు," అంది ముప్పైఆరు ఒకరోజు. "పక్కింటి కుక్క కూడా అందుకుంటుంది."

"బ్యాండ్‌లో ఉద్యోగమా?"

"పిచ్చి."

"మా అమ్మది లాండ్రీ కొట్టు. జట్టు ఓడిపోయిన రోజు నా బట్టలు మాత్రం ఉతకదు."

"మరి ఏప్రిల్ నుంచీ ఓడుతూనే ఉన్నాంగా, ఏం వేసుకుంటున్నారు?"

"ఇదే."

ఆమె ఒక సీటు దూరం జరిగింది. మూడో ఇన్నింగ్స్‌కల్లా మళ్ళీ దగ్గరికొచ్చింది.

ఒకాయమాలో ఆటకి అందరం బస్సులో వెళ్ళాం. దారిలో ఆ అమ్మాయికి కడుపులో తిప్పింది. పదకొండు తన టోపీ తీసి పట్టాడు. తర్వాత ఆ టోపీ గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. అప్పుడే నాకు అర్థమైంది. చెప్పాల్సింది మాత్రం చెప్పడు. దద్దమ్మ.

"ముప్పైఆరంటే మీకెందుకంత ఇష్టం?" అని అడిగాడు తిరుగు ప్రయాణంలో.

"పరిగెత్తేటప్పుడు ఆ కాళ్ళు చూశారా? జింకే."

అతను తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"మరి మీకు పదకొండెందుకు? ఆయన బంతి కొట్టగా ఎవరైనా చూశారా?"

"అందరూ వదిలేస్తే ఎలాగండీ? ఎవరో ఒకరు వేసుకోవాలి కదా."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అతని వంక అలా చూస్తూ ఉండిపోయింది. అంతసేపు చూడాల్సినంత గొప్ప మాటేం కాదది.

జూలైలో మా యాజమాన్యం ముప్పైఆరో నంబరు ఆటగాణ్ణి మోజి క్రేన్స్‌కు ఇచ్చేసింది. మోజి మాకు ఎదురు గట్టు. మధ్యలో ఇరుకైన సముద్రం, అంతకన్నా ఇరుకైన మనసులు. మాది పసుపు, వాళ్ళది నీలం.

కొందరు జట్టు వెంట ఉంటారు. కొందరు ఒక్క ఆటగాడి వెంట ఉంటారు. ఆటగాడు జట్టు మారితే వాళ్ళూ రంగు మారుస్తారు. అలాంటివాళ్ళ గురించి మా గ్యాలరీలో మాట్లాడుకోం.

ఆ తర్వాతి ఆటకి అమ్మాయి రాలేదు. దాని తర్వాతి దానికీ రాలేదు. మూడో ఆటకి పదకొండు తన గిన్నెలో ఉడోన్ చల్లారేదాకా గేటు వంకే చూశాడు.

"మోజికి వెళ్ళిపోయారు తాతా."

"ఫోన్ చెయ్యి."

"నంబర్ లేదు."

"పేరు తెలిస్తే కనుక్కోవచ్చు."

"పేరు తెలీదు."

"రెండేళ్ళు పక్కన కూర్చున్నావు!"

"మీ పేరేంటి తాతా?"

నేను బైనాక్యులర్ తుడుచుకున్నాను.

"ఇల్లు రేవు దగ్గరన్నారు. అంతే తెలుసు. ఇక ఈ గ్యాలరీకి రాకపోతే ఆమెను ఈ జన్మలో మళ్ళీ చూడను." ఉడోన్ గిన్నె కింద పెట్టాడు. "ఆదివారం ఆట మోజిలోనే కదా. వాళ్ళ కుడి గ్యాలరీలోకెళ్ళి వెతుకుతా. కనిపిస్తే చెప్పేస్తా."

సొంత జట్టు అభిమానులది కుడి గ్యాలరీ. వచ్చినవాళ్ళది ఎడమ. వాళ్ళ కుడి గ్యాలరీలోకి పసుపు జెర్సీతో అడుగు పెట్టనివ్వరు. గోడ మీద బండ అక్షరాలతో రాసి ఉంటుంది.

"నిన్ను తంతారు," అన్నాను.

"ఆమె చూస్తుండగా తన్నినా ఫరవాలేదు."

ప్రేమలో పడ్డవాళ్ళతో వాదించకూడదు. తడిసిన అగ్గిపెట్టెతో కుస్తీ పట్టినట్టుంటుంది.

ఆదివారం మధ్యాహ్నం సన్నగా వాన. నేను ఎడమ గ్యాలరీలో కూర్చుని బైనాక్యులర్‌లో చూస్తున్నాను. ఆట కాదు, వాణ్ణి. పైన వానకోటు వేసుకుని లోపలికైతే వెళ్ళాడు. కూర్చున్నాక కోటు విప్పాడు. బుద్ధి ఉన్నవాడెవడైనా విప్పుతాడా? ఎందుకు విప్పావని తర్వాత అడిగితే, "ఆమె నన్ను గుర్తుపట్టాలి కదా తాతా," అన్నాడు.

నీలం సముద్రంలో ఒక్క పసుపు చుక్క. వెంటనే బాకా పట్టుకున్న ఓ బొద్దు మనిషి వచ్చి అతని ముందు నిలబడ్డాడు. వాళ్ళ చీరింగ్ బృందం పెద్ద. అక్కడ జరిగిన మాటలు తర్వాత అబ్బాయే చెప్పాడు.

"విప్పు."

"లోపల ఇంకేం లేదండీ."

"లోపల బనియన్ ఉంది. విప్పు. లేకపోతే బయటికి నడు."

విప్పాడు. బొద్దాయన ఆ జెర్సీని మడిచి చంకలో పెట్టుకున్నాడు. అబ్బాయి బనియన్‌తో వానలో కూర్చుని, మెడ సాచి, వరస వరసా వెతకడం మొదలుపెట్టాడు.

నాలుగో ఇన్నింగ్స్‌లో నా పక్క సీట్లో ఎవరో వచ్చి కూర్చున్నారు. గడ్డం దాకా వానకోటు.

"తాతా, పదకొండుగారు ఏరీ?"

ముప్పైఆరు! నా చేతిలో టీ ఒలికింది.

"నీ కోసం వెళ్ళాడు."

"ఎక్కడికి?"

చూపించాను. ఆమె బైనాక్యులర్ లాక్కుంది.

"అయ్యో. ఆయన వెనక నిలబడింది మా నాన్న."

నేను టీ కప్పు కింద పెట్టాను.

"నువ్వు మోజి దానివా?"

"పుట్టింది, పెరిగింది ఇక్కడే."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే పక్కన కూర్చోనిచ్చేవారా?"

"లేదు."

"చూశారా! చిన్నప్పట్నించీ ఆ బాకా చెవిలో మోగీ మోగీ విసుగొచ్చింది తాతా. అందరూ ఇంటి మీద కోపమొస్తే టోక్యో పారిపోతారు. నేను ఫెర్రీ ఎక్కి ఎదురు గట్టుకి పారిపోయా. భోజనం వేళకి ఇంటికొచ్చేసేదాన్ని."

"మీ నాన్న ఊరుకున్నాడా?"

"ఊరుకోవడమా! జూలైలో ఎగిరి గంతేశాడు. 'నీ ముప్పైఆరు మన దగ్గరికే వచ్చేశాడు, ఇక నువ్వూ వచ్చెయ్' అన్నాడు. రానన్నా. 'ఆ జింక లేకపోతే అక్కడ ఇంకెవరున్నారే' అన్నాడు."

"ఎవరని చెప్పావు?"

ఆమె లేచి, వానకోటు విప్పి, వెనక్కి తిరిగింది. కొత్త పసుపు జెర్సీ. వీపు మీద పదకొండు. అందులో రెండో ఒకటి పక్కకి వాలిపోయి ఉంది.

"అంకెలు నేనే కుట్టా. నాకు కుట్టడం రాదు. ఒకసారి జేబు మూసేశా. ఒకసారి ఏకంగా నా లంగాకే కలిపి కుట్టేశా. ఇది పూర్తయితేగాని రాకూడదనుకున్నా."

ఆ ఆటగాడి జెర్సీ వాళ్ళమ్మ కూడా వేసుకోదు. ఈ పిల్ల వేసుకుంది. దానికి అర్థమేంటో తెలియడానికి నాకు చదువక్కర్లేదు.

"వెళ్ళి చెప్పు," అన్నాను.

"ఎలా? ఇటునుంచి అటు దారి లేదుగా. మధ్యలో గేటుకి తాళం."

అప్పుడు మా పదకొండో నంబరు బ్యాటింగ్‌కి వచ్చాడు. నేను టీ తాగడానికి తల దించాను. టక్‌మని శబ్దం వినిపించింది. తలెత్తేసరికి బంతి ఆకాశంలో ఉంది. పోతోంది. ఇంకా పోతోంది. వెళ్ళి వెళ్ళి కుడి గ్యాలరీలో పడింది.

హోమ్ రన్. నా కళ్ళను నేనే నమ్మలేదు. ఆ ఆటగాడూ నమ్మలేదు, నిలబడి చూస్తుండిపోయాడు. ఎవరో అరిచి పరిగెత్తించాల్సి వచ్చింది.

కుడి గ్యాలరీ మొత్తం శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక్క బనియన్ గాల్లోకి ఎగిరింది. రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి, గంతులు. పెద్ద తెర మీద అదే చూపించారు. స్టేడియమంతా గొల్లున నవ్వింది. తర్వాత ఒక లావుపాటి చెయ్యి వచ్చి బనియన్ వెనక పట్టుకుంది. అదీ చూపించారు.

అమ్మాయి మెట్ల మీద పరుగెత్తింది. నాకు మూత్రానికి వచ్చింది. అందుకే వెనకాల వెళ్ళాను. ఇంకే కారణమూ లేదు.

రెండు గ్యాలరీల మధ్య ఇనుప వల గేటు. దాని ముందు ఒక గార్డు. అవతల నుంచి బొద్దాయన అబ్బాయిని ఈడ్చుకొస్తున్నాడు.

"నాన్నా! వదులు ఆయన్ని!"

"నువ్విక్కడేం చేస్తున్నావే?"

"నాన్నా?" అబ్బాయి మెడ తిప్పి చూశాడు. "అంటే... స్నానాలగది ఆయన మీరేనా?"

"స్నానాలగదేంటి?"

"పక్కింటి కుక్క కూడా అందుకుంటుందని..."

"ఇంటి గుట్టంతా వీడికి చెప్పావా!"

"అంతా చెప్పలేదు," అంది అమ్మాయి. "పేరు చెప్పలేదు."

అబ్బాయి గేటు దగ్గరికొచ్చాడు. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ముప్పైఆరుగారూ, ఒక్క మాట. మీరు ఈ గట్టుకి వచ్చేశారనుకున్నా. మీరొస్తే నేనూ వచ్చేద్దామనుకున్నా. పొద్దున దుకాణంలో నీలం చొక్కా వేసి చూసుకున్నా. నాకు అస్సలు బాగోలేదు. అయినా సరే, రోజూ వేసుకుంటా. మీ పక్క సీటు ఉంటే చాలు."

ఆ మాట నా చెవులారా విన్నాను. పుట్టిన గట్టును ఒక ఆడపిల్ల కోసం వదిలేస్తాడట. చెప్పు తీసుకుని కొట్టాల్సింది. గేటు అడ్డమొచ్చింది.

ఆమె వెనక్కి తిరిగింది.

"వెళ్ళకండి!" అని అరిచాడు వాడు. వల పట్టుకుని ఊపాడు. "తప్పయిపోయింది, వెళ్ళకండి! నీలం కాకపోతే ఇంకేదైనా..."

"బాబూ," అన్నాడు గార్డు. అంతవరకూ రాతిబొమ్మలా ఉన్నాడు. "ఆమె ఎక్కడికీ వెళ్ళట్లేదు. వీపు చూడు."

వాడు చూశాడు. చాలాసేపు చూశాడు.

"రెండో ఒకటి వంకరగా ఉందండీ."

అమ్మాయి గిరుక్కున తిరిగింది. "వంకరైతే వద్దా?"

"వద్దనలేదు. పక్కదాని మీదికి వాలింది. అలాగే ఉండనివ్వండి. బాగుంది."

ఆమె ముఖం ఎర్రబడింది. గార్డు పైకప్పు వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. బొద్దాయన మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"ఆ జింక కాళ్ళవాడు ఏమయ్యాడే మరి?"

"ఆయన కాళ్ళు టీవీలో కనిపిస్తాయిలే నాన్నా."

"ఊరంతా నన్ను చూసి నవ్వుతుంది. పసుపు చొక్కా అల్లుడా నాకు?"

అబ్బాయి తన ఒంటి మీదికి చూసుకున్నాడు. "ప్రస్తుతానికి బనియనే కదండీ."

బొద్దాయన నవ్వు ఆపుకోవడానికి బాకా నోటి దగ్గర పెట్టుకున్నాడు. అది కూసింది.

"పేరేంట్రా నీది?"

"షిగెహారు అండీ."

"అదా మీ పేరు!" అంది అమ్మాయి.

"మీది?"

"నగిసా."

అప్పుడే పరిచయమైనవాళ్ళలా ఇద్దరూ ఒకరికొకరు తల వంచి నమస్కారం చేసుకున్నారు. ఇద్దరి నుదుళ్ళూ వలకి కొట్టుకున్నాయి.

షిగెహారు తన జెర్సీ కోసం చెయ్యి చాచాడు. బొద్దాయన దాన్ని చంకలో ఇంకా గట్టిగా నొక్కిపెట్టాడు.

"వచ్చే ఆదివారం భోజనానికి రా. అప్పుడిస్తా."

మేం ఆ ఆట ఓడిపోయాం. అమ్మాయి మోజి రేవులో నిలబడి చెయ్యి ఊపింది. ఫెర్రీ కదిలింది. మావాళ్ళంతా బనియన్ గురించి చెప్పుకుని నవ్వుతున్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా షార్ట్‌స్టాప్ ఫీల్డర్ నేలపాలు చేసిన తేలిక బంతి గురించి ఒక్కడూ ఎత్తలేదు. సిగ్గులేని జనం.

వాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వణుకుతున్నాడు. నా కోటు ఇచ్చాను. తిరిగివ్వమని ముందే చెప్పాను.

"తాతా, ఆదివారం వాళ్ళింటికి ఏం తీసుకెళ్ళాలి?"

"ఏమీ వద్దు. ఒంటి మీద చొక్కా ఉంటే చాలు."

"నాకున్న ఒక్కటీ వాళ్ళ నాన్న దగ్గరే ఉందిగా."

"ఇంకోటి కొనుక్కో."

వాడు కోటు దగ్గరికి లాక్కున్నాడు.

"ఏ రంగు కొనమంటారు తాతా?"

సముద్రంలోకి తోసేద్దామనుకున్నాను. వాడి ఒంటి మీద నా కోటు ఉందని ఆగాను.