పొరబడిన తుమ్మెదలు

పిల్లలూ, సైన్యం లేని రాజ్యం గురించి మీరెప్పుడైనా విన్నారా? నల్లకొండల నడుమ తుమ్మెదకోట అని ఒకటుండేది. అక్కడ కత్తి పట్టిన భటుడు ఒక్కడూ లేడు. కోటగోడ రాళ్ళ సందుల్లో కాపురముండే మాయ తుమ్మెదలే ఆ ఊరికి సైన్యం. లోయలోంచి బూడిద భూతాలు పాకి వచ్చినప్పుడల్లా అవి నల్లమబ్బులా లేచి, వాటిని కుట్టి తరిమేవి. భూతం గోడ దాటిందంటే మనుషుల ఊపిరి పీల్చేస్తుంది. ఊపిరి పోగొట్టుకున్నవాళ్ళు జ్వరంతో మంచమెక్కుతారు. అందుకే ఊరివాళ్ళు తుమ్మెదలను ఇంటి మనుషుల్లా చూసుకునేవారు. ఎవరింట బిడ్డ పుట్టినా పొత్తిగుడ్డను మొదట కోటగోడ మీద ఆరవేసేవారు. తుమ్మెదలు ఆ వాసన పట్టి, ఈ బిడ్డ మనదేనని గుర్తుంచుకునేవి.

ఆ కోటకు రాజు మల్లిదేవుడు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది చెంగలువ, చిన్నది పాలవెల్లి. తల్లి లేని చెల్లెలిని చెంగలువే ఎత్తుకుని పెంచింది. పాలవెల్లి ఒంటికి పుట్టినప్పటినుంచీ మొగలిరేకు వాసన ఉండేది. తుమ్మెదలకు ఆ పిల్లంటే ఎంత ఇష్టమంటే, మధ్యాహ్నం పూట దాని ఒళ్ళో పడి నిద్రపోయేవి.

అలాంటి తుమ్మెదలే ఒక ఏడాది పాలవెల్లిని కుట్టడం మొదలుపెట్టాయి. కుట్టిన చోటల్లా కీళ్ళు వాచాయి. ఎప్పుడూ పరుగులు తీసే పిల్ల గోడ పట్టుకుని నడవసాగింది. తర్వాత ఆ నడక కూడా మానేసింది. కిటికీలు మూస్తే తుమ్మెదలు చెక్కను తొలుచుకుని లోపలికి వచ్చేవి.

వైద్యుడు శరభయ్య మంచివాడు. ఏవో ఆకులు కాల్చి గోడకు పొగ పెట్టాడు. తుమ్మెదలన్నీ మత్తుగా పడుకున్నాయి. పాలవెల్లి హాయిగా నిద్రపోయింది. కానీ కాపలా లేదని పసిగట్టి భూతాలు గోడ దాటాయి. కుమ్మరివీధి అంతా జ్వరాన పడింది. ముసలి కుమ్మరి ఇక లేవనేలేదు.

మల్లిదేవుడు తల పట్టుకున్నాడు. "పొగ పెడితే ఊరు పోతుంది, పెట్టకపోతే నా బిడ్డ పోతుంది. వానలు తగ్గేదాకా చూస్తాను. అప్పటికీ దారి దొరక్కపోతే తుమ్మెదలను తగలబెట్టి, ఊరిని ఇంకెక్కడికైనా తీసుకుపోతాను" అన్నాడు.

"ఎక్కడికి పోయినా భూతాలు రావా నాయనా? నేను వెళ్ళి ఏదో ఒక మందు తెస్తాను" అంది చెంగలువ.

బయలుదేరేముందు చెల్లెలి మంచం దగ్గర కూర్చుంది.

"అక్కా, నన్నూ ఎత్తుకుని తీసుకుపో" అంది పాలవెల్లి.

"అమ్మో, నిన్ను మోస్తే నా నడుం విరుగుతుంది. బూరెలు తిని గుండ్రాయిలా తయారయ్యావు."

"అబద్ధం. నేను చిక్కిపోయానని దాది ఏడుస్తోంది."

చెంగలువ దాని నుదురు నిమిరి బయటికి వచ్చింది.

అడవిలో మొదట ఆమెకు ఒక ముసలి ఎలుగుబంటి ఎదురైంది. దాని ముక్కు గుమ్మడికాయలా వాచి ఉంది.

"తుమ్మెదకోట పిల్లవా? ఇటు చూడు, ఇది మీ తుమ్మెదల చేతిపనే" అంది ఎలుగు.

"తేనె దొంగిలించడానికి వస్తే కుట్టవా తాతా?"

"కుడతాయి, అది న్యాయమే. నువ్వెందుకు ఏడుపుముఖం పెట్టుకుని తిరుగుతున్నావో చెప్పు."

చెంగలువ చెప్పింది. ఎలుగు చెవులు రిక్కించి విని, "అన్నీ కుడుతున్నాయా, కొన్నేనా?" అని అడిగింది.

"కొన్నే. మిగతావి దాని చుట్టూ తిరిగి వెళ్ళిపోతాయి."

"అయితే నాకు అర్థమైంది. పోయిన వానల్లో భూతాలు మొగలిపొదల్లో దాక్కుని మీ కోట మీదికి వచ్చాయి. నేనూ ఆ పొదల్లోనే ఉన్నాను, ఎందుకని మాత్రం అడగకు. వాటి ఒళ్ళంతా మొగలి వాసనే. ఆ రోజు ముందు నిలబడి కుట్టిన తుమ్మెదలకు మొగలి వాసనంటే శత్రువని మనసులో పడిపోయింది. తమ పిల్లలకూ అదే నేర్పాయి."

"మరి వాటికి నచ్చజెప్పేదెలా?"

"కోపమొచ్చిన తుమ్మెదకు నచ్చజెప్పినవాణ్ణి నేను చూడలేదు తల్లీ. వాటిని చంపాలి. వాటిని మాత్రమే చంపాలి. ఆ వాగు దాటితే చిక్కుజడల రాకాసి ఉంది. విషం దాని దగ్గర దొరుకుతుంది."

చెంగలువకు మనసొప్పలేదు. ఆ తుమ్మెదలు చెల్లెలి ఒళ్ళో నిద్రపోవడం ఆమె చూసింది మరి. అయినా వాగువైపు నడిచింది.

రాకాసి గుహలోంచి ఉరుములాంటి గొంతు వినిపించింది. "ఎవరే అది?"

"నేనవ్వా, తుమ్మెదకోట చెంగలువను."

"అవ్వా అని పిలిస్తే తిననని ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నిన్ను మరేమని పిలవాలో తెలియలేదు."

రాకాసి బయటికి వచ్చింది. దాని జుట్టు ముళ్ళతో, ఎండుటాకులతో చిక్కుపడి కొండంత ఉంది. "నీకు విషం కావాలని నాకు తెలుసు. ఇక్కడికి ఇంకెందుకు వస్తారు? ముందు నా తల దువ్వు. ఒక్కసారి చురుక్కుమన్నా మింగేస్తాను" అంది.

చెంగలువకు చెల్లెలి తల దువ్వడం అలవాటే. కుదురు దగ్గర ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, చివరలనుంచి కొంచెం కొంచెంగా చిక్కు తీస్తూ పైకి వచ్చింది. ముళ్ళన్నీ ఏరేసరికి రాకాసి గురక పెడుతోంది. లేచి తల తడుముకుంది.

"మా అమ్మ పోయాక నా తల ఎవరూ ముట్టుకోలేదే" అంది. "చెప్పు, ఎవరిని చంపాలి? ఏ రాజును?"

"రాజును కాదవ్వా. మా తుమ్మెదల్లో పొరబడినవాటిని. మిగతావాటికి ఏమీ కాకూడదు."

రాకాసి ఫక్కున నవ్వింది. "నా విషంతో దండులకు దండులే పోయాయి. ఇంత కొంచెం అడిగినవాళ్ళు మాత్రం లేరు." అది మట్టికుండ మూత కాస్త తీసి చూపించింది. లోపల ఎర్రని నలుసులు కదులుతున్నాయి. "వీటి నోట్లో విషం ఉంటుంది. కానీ అసలు ప్రమాదం చేతులతోనే. ఎవరు కనబడితే వాళ్ళను పట్టుకుని ఒంట్లోకి దూరతాయి. మంచీ చెడూ చూడవు."

"ఆ చేతులు తీసేస్తే?"

"చేతుల్లేని నలుసు ఇసుకరేణువుతో సమానం. ఎవరికీ అంటుకోదు. అప్పుడు దాన్నేం చేసుకుంటావు?"

"వేరే చేతులు పెడతాను. పొరబడిన తుమ్మెదలను మాత్రమే పట్టుకునే చేతులు."

రాకాసి ఆమెను ఎగాదిగా చూసింది. "ఆ పని మా వదిన చేయగలదు. సాలెపురుగు. పై కొండమీద ఉంటుంది. మాకు మాటల్లేవు. నా పేరు చెప్పకు."

కుండ నెత్తిన పెట్టుకుని చెంగలువ కొండ ఎక్కుతుంటే, దారిలో బండమీద ఒక బూడిద భూతం కూర్చుని ఉంది. కుండకు జడిసి దగ్గరికి రాకుండా, చాలా మర్యాదగా మాట్లాడింది.

"ఎందుకమ్మా ఇంత కష్టం? ఆ కుండను అలాగే తీసుకెళ్ళి మీ గోడమీద బోర్లించు. తుమ్మెదలన్నీ పోతాయి. నీ చెల్లెలు రేపే ఆడుకుంటుంది."

ఆ గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించింది చెంగలువకు. "నువ్వు ఎవరి ఊపిరితో మాట్లాడుతున్నావు?" అని అడిగింది.

"మీ ముసలి కుమ్మరిది. బాగుంది కదూ?"

చెంగలువ కుండను రెండు చేతులా పట్టుకుని, వెనక్కి చూడకుండా ముందుకు సాగింది.

కొండకొన మీద సాలెపురుగు గూట్లో కూర్చుని నూలు తీస్తోంది. కుండను చూడగానే, "ఇది మా ఆడబిడ్డది కదూ? తల దువ్వుకుందా, ఇంకా అలాగే ఉందా?" అంది.

"నేనే దువ్వాను పెద్దమ్మా."

"అయితే కూర్చో. నీ పని చేసిపెడతాను."

చెంగలువ సంగతంతా చెప్పింది. సాలెపురుగు ఒక నలుసును దారంతో కట్టి, చేతులు రెండూ కత్తిరించి, మొగలిరేకు పీచు అంటించింది. చెంగలువ దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది.

"పుప్పొడి కోసం మంచి తుమ్మెదలు కూడా మొగలిపూల మీద వాలతాయి పెద్దమ్మా. ఆకలితో ముట్టుకున్నవీ చచ్చిపోతాయి."

"నిజమే సుమా. అయితే నీ చెల్లెలి వెంట్రుకే కావాలి. తమ పిల్ల వెంట్రుకను మంచి తుమ్మెద కొరకదు. దాన్ని శత్రువనుకునేది మాత్రమే కొరుకుతుంది. పద, నేనూ వస్తాను" అంటూ సాలెపురుగు ఆమె భుజమెక్కింది.

వాళ్ళు కోట చేరేసరికి గోడ పొడవునా ఎండుగడ్డి పేర్చి ఉంది. మల్లిదేవుడు కాగడా పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ ఒక్క పూట ఆగండి నాయనా" అంది చెంగలువ.

"అది నీళ్ళు కూడా మింగడం లేదమ్మా" అన్నాడు రాజు. అయినా పెద్దకూతురి ముఖం చూసి కాగడా దించాడు.

పాలవెల్లి కళ్ళు తెరిచి అక్కను చూసింది. సంగతి విని, "జడంతా కావాలా?" అని నీరసంగా అడిగింది.

"అంతా కావాలి తల్లీ."

"బోడిగుండుతో పెళ్ళికూతురి ఆట ఎలా ఆడాలి?"

"పెళ్ళికొడుకువి అవుదువుగాని. నేను పెళ్ళికూతురిని అవుతాను."

"సరే, కానీ నువ్వే కత్తిరించు."

సాలెపురుగు ఎనిమిది కాళ్ళతో పనికి కూర్చుంది. నలుసుల చేతులు తీసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క వెంట్రుక ముక్క అతికించింది. మిట్టమధ్యాహ్నం ఎండలో చెంగలువ వాటిని గోడమీద పరిచింది. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

తుమ్మెదలు వచ్చాయి. చాలావరకు వాసన చూసి, ఒకసారి చుట్టూ తిరిగి, ఇది మన పాలవెల్లిదేనని వెళ్ళిపోయాయి. కొన్ని మాత్రం కోపంతో రొద చేస్తూ మీదపడి వెంట్రుకలను కొరికి మింగాయి. వెంట్రుకతో పాటు నలుసూ కడుపులోకి పోయింది. కాసేపటికి అవి నేరేడుపళ్ళలా రాలసాగాయి. వాటి పక్కనున్న తుమ్మెదలకు ఏమీ కాలేదు.

లోయలోని భూతాలు రాలిన తుమ్మెదలను చూసి, కాపలా పోయిందనుకుని గోడమీదికి ఎగబాకాయి. మిగిలిన తుమ్మెదలన్నీ ఒక్కసారిగా లేచాయి. భూతాలు లోయ దాటి పారిపోయాయి. మల్లిదేవుడు కాగడాను నీళ్ళ తొట్టిలో ముంచేశాడు.

చెంగలువ చెల్లెలిని ఎత్తుకొచ్చి నడివాకిట్లో కూర్చుంది. ఒక తుమ్మెద వచ్చి పాలవెల్లి గుండుమీద వాలింది. ఎవరూ కదల్లేదు. అది మెల్లగా నడిచి, చెవి పక్కన ముడుచుకుని పడుకుంది.

"కితకితలు పెడుతోందక్కా" అంది పాలవెల్లి.

వాపులు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా చెంగలువ రాలిన తుమ్మెదలను బుట్టలోకి ఏరుతుంటే పాలవెల్లి అడిగింది. "ఇవి చెడ్డవా?"

"కాదు. మనల్ని కాపాడుతున్నామనుకుంటూనే పోయాయి." ఇద్దరూ కలిసి వాటిని గోడవారన పూడ్చి, పైన పూలు చల్లారు.

కొత్తగా పుట్టే తుమ్మెదల్లో మళ్ళీ ఏవైనా పొరబడవచ్చు. అందుకని సాలెపురుగు కోటలోనే ఉండిపోయింది. దాన్ని చూసే వంకతో రాకాసి వచ్చి తల దువ్వించుకుని పోయేది. ఎలుగుకు వాకిట్లోనే తేనె పెట్టేవారు, అయినా దొంగతనం మానలేదు. మల్లిదేవుడు తన కిరీటాన్ని చెంగలువ తలపై పెట్టి, "నేను వదిలిపోబోయిన ఊరమ్మా ఇది, నువ్వే చూసుకో" అన్నాడు.

పట్టాభిషేకం నాడు పురోహితుడు ఇంకా మంత్రం చదువుతూనే ఉన్నాడు. పాలవెల్లి రాజు ఒడిలోంచి జారి, సభ మధ్యనుంచి వాకిట్లోకి పరుగెత్తింది. పట్టుకోమని ఎవరూ అనలేదు. కొత్తరాణి సింహాసనం మీదనుంచి లేచి నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ ఆ పరుగే చూస్తూ ఉండిపోయింది. ఆ పరుగు కథ విన్న మీ కాళ్ళూ అలాగే చలాకీగా ఉండాలి.