తూము దగ్గర ఏడు తీగలు

కొత్తకోట లాడ్జిలో మూడో నంబరు గది. నేల పొడిగా ఉంది. మంచం పొడిగా ఉంది. మంచం మీద ఏజెంట్ సోమన్న చచ్చి పడి ఉన్నాడు. అతని ఊపిరితిత్తుల నిండా నీళ్లు.

"యాడనో ముంచి సంపి, పొడిబట్టలు తొడిగి, తెచ్చి పండవెట్టిన్రు," అన్నాడు చీఫ్ యోహాను. ఫైలు మూసి ఒక టికెట్ ముందుకు తోశాడు. "పిడికిట్ల ఇది దొరికింది."

ఏజెంట్ పదకొండు దాన్ని వెలుతురుకు పట్టుకుని చదివాడు. డైవింగ్ క్లబ్ వీకెండ్ ట్రిప్. సాగర్ జలాశయంలో లాంచి ప్రయాణం. 1969 జనవరి 18, 19. వెనక పెన్సిల్‌తో సోమన్న రాత: 'ఆదివారం పొద్దున తొమ్మిదికి. నీళ్ల కింద బాంబు.' ఎక్కడన్నది రాయడానికి సోమన్నకు టైం దొరకలేదు.

ఏజెంట్ పదకొండు అసలు పేరు రామచంద్రయ్య. యాభై రెండేళ్లు. కేతేపల్లి దగ్గర బట్టలు నేసే సాలోళ్ల ఇంట్లో పుట్టాడు. ముప్పై ఏళ్లదాకా మగ్గం గుంటలో కూర్చున్నాడు. తర్వాత డిపార్ట్‌మెంట్. మోకాళ్లు సగం అక్కడ అరిగాయి, సగం ఇక్కడ.

"పింఛనుకు అర్జీ వెట్టుకున్న సార్. మూడోసారి."

"ఇదే ఆఖరు పని."

"పోయినసారి గూడ గదే అన్నరు."

"పోయినసారి అబద్ధం చెప్పిన," అన్నాడు యోహాను, మొహం మార్చకుండా. "క్లబ్ ట్రైనర్ పేరు హెన్నింగ్. మూడు పాస్‌పోర్టులున్నయి, మూడూ దొంగవే. వాని పక్కన మిస్ లీల ఉంటది. వాళ్ల మనిషి లెక్క తిరుగుతది, ఖబర్లు మనకిస్తది. డబుల్ ఏజెంట్. నువ్వు లాంచిల వంటమనిషివి."

"వంట రాదు."

"చాయ పెట్టు, చాలు."

గాడ్జెట్ ఒకటే ఇచ్చారు. అడుగున వైర్‌లెస్ సెట్ దాచిన ప్లాస్కు.

*

ఆదివారం ఉదయం ఎనిమిది. నీళ్ల మీద పొగమంచు. కాలువ తూముకు ఎదురుగా లాంచి లంగరు వేసి ఉంది. క్లబ్ సభ్యులు నలుగురు చిన్న పడవలో కొండ చూడటానికి పోయారు. హెన్నింగ్ రబ్బరు సూట్ వేసుకుని నీళ్లలో దూకాడు.

"చాపలు చూసొస్తడట. పదడుగులే దిగుతడట," అన్నాడు లాంచి నడిపే బీరన్న. కురుమాయన. భుజాల మీద నల్ల గొంగడి. "గీ చలిల చాపలు గూడ పండుకుంటయి. వీనికేం రోగం?"

"నీకు ఇల్లు గీడనేనా?"

"ఆ కట్ట అవతల. మా ఆడామె గుర్వమ్మ కాలువల రాయి మోస్తది. రిపేరుకు తూము మూసిన్రు గద. లోపల రెండొందల మంది పాలమూరు లేబర్ ఉన్నది. ఐతారం లేదు, సోమారం లేదు."

రామచంద్రయ్య చాయ వడపోశాడు. మిస్ లీల వంటగదిలోకి వంగి చూసింది. నల్లకళ్లద్దాలు, పెదవులకు రంగు, భుజం మీద మెరిసే పోచంపల్లి శాలువా.

"పాలమూరుల వానలు పడ్డయా?" అంది మెల్లగా.

"పడ్డయి గని మక్తల్ దాటలేదు."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "బాంబు ఇక్కడ లేదు అన్నా. డ్యామ్ అవతలి ఒడ్డున, మూడో గేటు దగ్గర. ఎర్ర తీగ కత్తిరిస్తే ఆగిపోతది. హెన్నింగ్ పైకి రాంగనె లాంచి అటు తిప్పిద్దాం."

"మంచిగ చెప్పినవు బిడ్డా. శాలువా బాగున్నది."

"మాది గూడ సాలోళ్ల ఇల్లే గద," అని నవ్వింది. "నిన్న పొద్దున నేను బస్సెక్కే ముందే మా బాపు మగ్గం మీదినుంచి కోసిచ్చిండు. నిన్నటిదాంక ఆయన నేస్తనే ఉన్నడు."

రామచంద్రయ్య చాయలో చక్కెర కలిపాడు. చాలాసేపు కలిపాడు.

నిన్న శనివారం. అమావాస్య. అమావాస్యనాడు సాలోళ్లు మగ్గం ముట్టరు. ఇంట్లో గింజ లేకున్నా ముట్టరు. ఆ రోజు గుడ్డ కోసిచ్చే తండ్రి ఏ సాలె ఇంట్లోనూ ఉండడు. ఆమెకు ఎవరో కథ నేర్పారు. తిథి నేర్పలేదు.

సోమన్నను నీళ్లదాకా నమ్మించి తీసుకుపోయింది ఎవరో కూడా అప్పుడే అర్థమైంది. ఆమె మాట అబద్ధమైతే మూడో గేటూ అబద్ధమే.

హెన్నింగ్ నిచ్చెన ఎక్కాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి.

బీరన్న రామచంద్రయ్య చెవిలో అన్నాడు: "పదడుగుల నీళ్లు గింత వణికియ్యవే. వీడు అడుగుదాంక పోయిండు. తూము పక్కకే తేలిండు గూడ." బాంబు తూముకే ఉందని, అది పగిలితే నీళ్లన్నీ కాలువలోని లేబర్ మీద పడతాయని రామచంద్రయ్య అతనికి మెల్లగా చెప్పాడు.

గడియారం ఎనిమిదీ నలభై. చీఫ్‌కు చెబుదామని రామచంద్రయ్య ప్లాస్కు చెవికి పెట్టుకున్నాడు. లోపల చాయ కదిలిన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"లాంచి తియ్యి," అంది లీల.

"తియ్యను," అన్నాడు బీరన్న. "మా ఆడామె కట్ట కిందున్నది."

హెన్నింగ్ సంచిలోంచి పిస్టల్ తీశాడు. రామచంద్రయ్య వేడి చాయ అతని చేతి మీద పోశాడు. అతను కేక వేసేలోపే బీరన్న గొంగడి హెన్నింగ్ తల మీద పడింది. దాని మీద బీరన్న కూర్చున్నాడు. పిస్టల్ నీళ్లలో పడింది. లీల లాంచి అంచు వైపు ఉరికింది. రామచంద్రయ్య శాలువా కొస పట్టి లాగాడు. ఆ శాలువాతోనే ఆమె చేతులు కట్టాడు.

"నువ్వు దిగుతవా?" అన్నాడు బీరన్నతో.

"నేను లేస్తే వీడు లేస్తడు."

రామచంద్రయ్య నిట్టూర్చి హెన్నింగ్ గాలి సిలిండర్ వీపుకు కట్టుకున్నాడు. పదేళ్ల కింద ట్రైనింగులో ఒక్కసారి దిగాడు. అది దిగుడుబావి. ఉల్లిగడ్డలు కోసే చాకు పళ్లమధ్య... అనుకుని, అక్కడ గాలి గొట్టం ఉందని గుర్తొచ్చి, నడుముకు దోపుకున్నాడు.

*

పదిహేనడుగుల కింద చలి ఎముకకు తాకింది. ముప్పై అడుగుల కింద వెలుగు పోయింది. నలభై దగ్గర తూము తలుపు చేతికి తగిలింది. ఇనుము. దాని మీద ఇనపడబ్బా. డబ్బాలో రేడియం గడియారం పచ్చగా మెరుస్తోంది. తొమ్మిదికి నాలుగు నిమిషాలు.

గడియారం నుంచి పేలుడు మందుకు ఏడు తీగలు. ఏడూ నల్లగానే ఉన్నాయి. అంత లోతులో ఎరుపు కంటికి ఆనదు.

తలుపు అవతల నుంచి చప్పుడు వస్తోంది. ఠక్. ఠక్. కాలువలో రాళ్లు కొడుతున్నారు. గుర్వమ్మ అందులో ఉంది.

వేళ్లు మొద్దుబారాయి. చాకు రెండుసార్లు జారింది. అతను కళ్లు మూసుకున్నాడు. మగ్గం గుంటలో చీకటి పూట చేసినట్టే, తీగల మీద చెయ్యి వెనకభాగం మెల్లగా నడిపించాడు. ఒకటి సడలు. రెండోదీ సడలు. మూడు, నాలుగు సడలు. అయిదోది బిగువు. ఆరు, ఏడు మళ్లీ సడలు.

పని చేసే పోగే బిగువుగా ఉంటుంది. మిగతావి చూసేవాళ్లను మోసం చెయ్యడానికి.

పచ్చముల్లు పన్నెండుకు వెంట్రుకంత దూరంలో ఉంది. అయిదో తీగ కోశాడు.

ముల్లు పన్నెండు దాటింది. అవతల రాళ్ల చప్పుడు ఆగలేదు. ఠక్. ఠక్.

*

రామచంద్రయ్య పైకి వచ్చాక బీరన్న హెన్నింగ్‌ను తాడుతో లాంచి స్తంభానికి కట్టేసి, వాడి ఒంటి నీళ్లకు తడిసిన గొంగడి పిండి రామచంద్రయ్య మీద కప్పాడు.

"నా మీద శక్ ఎట్లొచ్చింది?" అంది లీల.

"ఇంకోసారి బాపును తయారు చేసుకుంటె, అమావాస్యనాడు సెలవియ్యి బిడ్డా."

బీరన్న లాంచిని కట్టకు చేర్చాడు. పది గంటలకు లేబర్ అంబలి తాగడానికి కట్ట ఎక్కారు. ముందు గుర్వమ్మ వచ్చింది. తూము వైపు చూడలేదు. కట్లతో ఉన్న తెల్లమనిషిని చూడలేదు. గొంగడి చూసింది.

"గొంగడి తడిపినవా? కొత్తది! మూడు దినాలైనా ఆరది. జర అక్కల్ ఉన్నదా నీకు?"

"పడ్డది," అన్నాడు బీరన్న, తల దించుకుని. కళ్లు తుడుచుకున్నాడు.

"పడితె ఏడుస్తవెందుకయ్యా?"

ఆ సాయంత్రం రామచంద్రయ్య రిపోర్టు రాశాడు. పెద్దగా ఏమీ లేదు. చివర 'నష్టం' అన్న గడిలో రాశాడు: 'గొంగడి ఒకటి, తడిసినది. డిపార్ట్‌మెంట్ కొత్తది ఇప్పించవలెను. పింఛను తర్వాత చూసుకోవచ్చును.'